సమాధానం: మెస్‌కి ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వస్తే

కంగారు పడకండి. పచ్చి చికెన్, వండిన కూరలు ఒకే ఫ్రిజ్‌లో కలిపి పెట్టారని మీ హాస్టల్ మెస్‌కి సెక్షన్ 32 కింద ఇంప్రూవ్‌మెంట్ నోటీసు, అంటే లోపాలు సరిదిద్దుకోమనే నోటీసు, వచ్చిందనీ ఏం చేయాలనీ అడిగారు కదా. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం సరిదిద్దుకోడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి.

ముందు ఫ్రిజ్ సంగతి చూడండి. పచ్చి మాంసానికి వేరే ఫ్రిజ్ కొనలేకపోతే మూతపెట్టి అట్టడుగు అరలోనే ఉంచండి, మాంసం నీళ్లు కూరల్లోకి కారకూడదు. కత్తులు, కోసే చెక్కలూ వేరుగా. లోపల థర్మామీటర్ పెట్టండి, 5 డిగ్రీలు దాటనివ్వొద్దు. వేడిగా వడ్డించేవి 60కి పైనే ఉండాలి. రాత్రి మిగిలిన కూర పొద్దున వేడిచేసి పెట్టడం మాత్రం దయచేసి మానేయండి, మీ దగ్గర తినేది హాస్టల్ పిల్లలండీ.

పనివాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు, సరిచేసినవాటి ఫొటోలు జతచేసి గడువులోపే రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఊరుకుంటే లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు. నోటీసు అన్యాయమనిపిస్తే 15 రోజుల్లో గానీ, నోటీసులో ఇచ్చిన గడువులోపు గానీ, ఏది ముందు ముగిస్తే ఆలోపు ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.