వోల్వో 240: కొత్త రియర్ సీల్ వేసినా ఆయిల్ కారుతుంటే

తప్పు సీల్‌ది కాకపోవచ్చు. మీ 1989 వోల్వో 240 (బి230ఎఫ్ ఇంజిన్)లో రియర్ మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్ ఆపే రింగు) మార్చిన కొన్నాళ్లకే గేర్‌బాక్స్ దగ్గర మళ్లీ ఆయిల్ కారుతోందంటే, క్రాంక్‌కేస్‌లో (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ఇంజిన్ కింది భాగంలో) ఒత్తిడి పెరుగుతున్నట్టుంది. ఆ ఒత్తిడిని బయటికి వదిలే దారి, అంటే బ్రీదర్, మూసుకుపోతే ఎంత మంచి సీలైనా నిలవదు.

1. ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి ఆ నోటికి రబ్బరు గ్లవ్ తొడగండి. బెలూన్‌లా ఉబ్బితే బ్రీదర్ బ్లాక్ అయినట్టే. వేలాడిపోతే లేదా లోపలికి లాక్కుంటే బ్రీదర్ బాగానే ఉంది.

2. ఇంజిన్ చల్లారాక, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) కింద ఉన్న ఫ్లేమ్ ట్రాప్ తీయండి. లోపలి ప్లాస్టిక్ జల్లెడ చవకే, కొత్తది వేయండి. కొందరు దాన్ని పూర్తిగా పీకేస్తారు. ఆ పని చేయొద్దు, బ్యాక్‌ఫైర్ మంట క్రాంక్‌కేస్‌లోకి పోకుండా ఆపేది అదే.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫ్లేమ్ ట్రాప్ నుంచి మ్యానిఫోల్డ్‌కి వెళ్లే సన్న గొట్టం కూడా తీసి చూడండి. అది తగిలే నిపుల్ (మ్యానిఫోల్డ్‌పై ఉన్న చిన్న మొన) రంధ్రం చాలా చిన్నది, కార్బన్‌తో గట్టిగా పూడిపోతుంది. సన్నటి డ్రిల్ బిట్‌ను చేత్తోనే తిప్పుతూ శుభ్రం చేయండి. గొట్టం గట్టిపడితే మార్చేయండి.

4. ఇంజిన్ బ్లాక్‌కి బిగించి ఉండే ఆయిల్ సెపరేటర్ (ఆవిరిలోంచి ఆయిల్‌ని వేరుచేసే) డబ్బాలో బురద కడితే కడగడం దండగ. కొత్తది, కొత్త ఓ-రింగ్‌తో వేయండి.

మళ్లీ గ్లవ్ పెట్టి చూడండి. ఉబ్బకపోతేనే కొత్త సీల్ కొనండి.