పూర్ణసంఖ్య వేరు, పరిపూర్ణ సంఖ్య వేరు

సందేహం: ఒక వ్యాసంలో ‘33550336 అయిదో పూర్ణసంఖ్య’ అని చదివాను. 0, 1, 2, 3... అన్నీ పూర్ణసంఖ్యలే కదా, ఇది అయిదోది ఎలా అవుతుంది? దీన్ని అక్షరాల్లో ఎలా రాయాలి?

సమాధానం: మీ సందేహం సరైనదే. అక్కడ ఉండవలసిన మాట ‘పరిపూర్ణ సంఖ్య’. ‘పరి’ అనే ఉపసర్గను వట్టి అలంకారం అనుకుని తీసేస్తే లెక్కే మారిపోతుంది.

రెండు మాటల్లోనూ నిండుతనం ఉంది. అయితే పూర్ణసంఖ్యలోని ‘పూర్ణ’కు ఎదురుమాట ‘భిన్నం’. భిన్నమంటే విరిగినది. ముక్క కానిది పూర్ణం, అంతే. అందుకే 7, -7, 33550336 అన్నీ పూర్ణసంఖ్యలే. (0 నుంచి మొదలయ్యేవాటిని పూర్ణాంకాలు అనీ, రుణసంఖ్యలను కూడా కలుపుకున్నవాటిని పూర్ణసంఖ్యలు అనీ బడి పుస్తకాలు విడదీస్తాయి. ఆ తేడా కూడా పాటించదగ్గదే.)

పరిపూర్ణ సంఖ్యకు షరతు వేరు. తనను మినహాయించి మిగిలిన కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తానే రావాలి. 6 = 1 + 2 + 3. తర్వాతివి 28, 496, 8128. అయిదోది మీరడిగిన సంఖ్య.

అది 4096 × 8191. ఇందులో 4096 అంటే 2 యొక్క 12వ ఘాతం. 8191 ప్రధాన సంఖ్య. 1, 2, 4, 8... ఇలా 4096 దాకా ఉన్న కారణాంకాలను కూడితే 8191 వస్తుంది. అదే వరుసను 2048 దగ్గర ఆపి (4096తో గుణిస్తే ఆ సంఖ్యే వస్తుంది కనుక), ఒక్కోదాన్ని 8191తో గుణిస్తే మిగిలిన కారణాంకాలు వస్తాయి; వాటిని కూడితే 8191 × 4095. రెండూ కలిపితే 8191 × 4096, అంటే మనం మొదలుపెట్టిన సంఖ్యే! ఎంత అందంగా సరిపోయిందో చూడండి. నిర్వచనంలో ‘తనను మినహాయించి’ అన్నది వదిలేస్తే మొత్తం రెట్టింపై 67100672 అవుతుంది. 1 కూడా కారణాంకమేనని మరిస్తే ఒకటి తగ్గుతుంది.

‘సంపూర్ణ సంఖ్య’ అనేవారూ ఉన్నారు. తప్పేం లేదు, ఒకే రచనలో రెండు పేర్లూ కలపకుంటే చాలు. దీన్ని ‘పెద్ద అంకె’ అని మాత్రం అనకండి. అంకెలు 0 నుంచి 9 దాకా పదే. ఇది ఎనిమిదంకెల సంఖ్య.

ఇక అక్షరాల్లో. ముందు 3,35,50,336 అని కామాలు పెట్టుకోండి. మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరు. తర్వాత ఇంకా సంఖ్య ఉంటే స్థానం పేరు ‘ల’తో ముగుస్తుంది, అక్కడితో ఆగితే ‘లు’తో. ‘మూడు కోట్లు ముప్పై అయిదు లక్షలు’ అని రాస్తే రెండు వేర్వేరు మొత్తాలను పక్కపక్కన పెట్టినట్టుంటుంది. ఆ స్థానంలో ఒకటే ఉంటే ఈ ‘ల’ రాదు: కోటీ ముప్పై లక్షలు, లక్షా యాభై వేలు. వంద అయితే ఏకంగా రూపమే మార్చుకుంటుంది: ‘వంద ఆరు’ కాదు, ‘నూట ఆరు’.