కొరియర్‌లో వచ్చిన చేప వేరు, షాపు నుంచి తెచ్చిన చేప వేరు

ప్రశ్న: చెన్నై నుంచి కొరియర్‌లో ఒక ఏంజెల్ జత, పది నియాన్ టెట్రాలు తెప్పించాను. ప్యాక్ చేసిన ముప్పై గంటలకు ఇంటికి చేరాయి, అప్పటికి అన్నీ హుషారుగానే ఉన్నాయి. కవర్ విప్పి బకెట్లో పోసి, ఎయిర్ ట్యూబుకి ముడి వేసి ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా గంటన్నర వదిలాను. సగం కాకముందే టెట్రాలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి, తెల్లారేసరికి ఆరు పోయాయి. ఇక్కడి షాపుల్లో కొన్నవాటికి ఎప్పుడూ ఇలాగే చేస్తాను, ఏమీ కాలేదు. జబ్బు చేపల్ని పంపారంటారా? (ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: హుషారుగా దిగిన చేపలు కవర్ విప్పిన గంటలోపే నోళ్లు తెరిచాయంటే నా అనుమానం జబ్బు మీద కాదు, అమ్మోనియా మీద. మీరు శ్రద్ధగానే చేశారు. కాకపోతే ముప్పై గంటలు సీల్‌లో ఉన్న చేపకి ఆ పద్ధతి పనికిరాదు, ఈ సంగతి చేపలు అమ్మేవాళ్లలో కూడా చాలామంది చెప్పరు.

కవర్లో మూడో వంతు నీళ్లు పోసి, మిగతాది ఆక్సిజన్‌తో నింపి బిగిస్తారు కదా. దారి పొడవునా చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది, దాంతోపాటు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక నీళ్లలో కరిగి, ఆమ్లగుణం పెరిగేకొద్దీ తగ్గే అంకె అయిన పీహెచ్‌ని కిందికి దింపుతుంది. దారిలో చేపని కాపాడేది ఈ తక్కువ పీహెచ్చే, ఎందుకంటే అది అలా ఉన్నంతసేపూ అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాని వల్ల చేపకి హాని చాలా తక్కువ. మీరు కవర్ విప్పగానే సోడా మూత తీసినట్టు ఆ గ్యాస్ పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియం కాస్తా విషపు అమ్మోనియా అవుతుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర ఈ విషపు భాగం ఒక శాతం కూడా ఉండదు, 8కి వచ్చేసరికి 5 శాతం దాటుతుంది. వేడి పెరిగితే ఇంకా పెరుగుతుంది. మీ ట్యాంకులో ఉన్నది బోరు నీళ్లయి, పీహెచ్ 8 దగ్గర ఉంటే, మీరు వదిలిన ప్రతి చుక్కా ఆ బకెట్లో పీహెచ్‌ని ఇంకాస్త పైకి లాగి ఉంటుంది, చేపలేమో గంటన్నరా అందులోనే ఉన్నాయి.

షాపు చేపలకి ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇదే. అవి కవర్లో ఉన్నది అరగంటో గంటో, ఆ కాస్త టైములో అమ్మోనియా పెద్దగా చేరదు.

ఈసారి పార్సిల్ వస్తే ట్యాంకు లైటు ఆపేసి, కవర్ విప్పకుండా ట్యాంకు నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు తేలనివ్వండి. వేడి సమానం కావడానికి అది చాలు. తర్వాత విప్పాక ఆలస్యం వద్దు, వెంటనే వలతో చేపల్ని తీసి కొత్త నీళ్లలో వదిలేయండి. కవర్ నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులో పొయ్యకండి. చాలామంది ధైర్యం కోసం యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తారు. షాపుల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ రకం క్లోరిన్‌నే తీస్తుంది, అమ్మోనియాని ఏమీ చెయ్యలేదు.

మరి రెండు నీళ్లకీ తేడా బాగా ఉంటే అలా ఒక్కసారిగా మార్చడం ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే, ముఖ్యంగా నియాన్ టెట్రాలకి. వాటి సొంత ఊరు అమెజాన్ పరీవాహకంలోని మెత్తటి (లవణాలు తక్కువగా ఉన్న) నీళ్లు. కానీ ఆ తేడాని సరిచెయ్యాల్సింది పార్సిల్ వచ్చాక కాదు, రాకముందు. ఆర్డర్ ఇచ్చే రోజే అమ్మేవాళ్లని వాళ్ల నీళ్ల పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) ఎంతో అడగండి (చెప్పనివాళ్ల దగ్గర నేనైతే కొనను). ప్యాకింగుకి ముందు ఒక రోజు మేత ఆపమని కూడా చెప్పండి. ఒక ప్లాస్టిక్ టబ్బులో మీ ట్యాంకు నీళ్లకి ఆర్వో నీళ్లో క్యాన్ నీళ్లో కలుపుతూ, టీడీఎస్ మీటరుతో చూసుకుంటూ వాళ్ల అంకెకి దగ్గరగా తీసుకురండి, పీహెచ్ కూడా ఒకసారి చూడండి. ఉత్త ఆర్వో నీళ్లు మాత్రం వద్దు. పార్సిల్ వచ్చాక కవర్ని తేలేసేదీ, చేపల్ని వదిలేదీ ముందు ఆ టబ్బులోనే. ఆ తర్వాత రోజూ కొంచెం నీళ్లు తీసి ట్యాంకు నీళ్లు పోస్తూ వారం పది రోజుల్లో మీ నీళ్లకి అలవాటు చేయండి. మీరు గంటన్నరలో చెయ్యబోయిన పని ఇదే, దానికి అన్ని రోజులు కావాలి. పాత ట్యాంకులో తిరిగిన స్పాంజ్ ఫిల్టర్ ఒకటి టబ్బులో పెడితే అదే క్వారంటైన్ అవుతుంది, రెండు మూడు వారాలు అక్కడే ఉంచితే తెల్లమచ్చల జబ్బు ఉన్నా టబ్బులోనే బయటపడుతుంది, మీ పాత చేపలకి అంటదు.

మిగిలిన చేపల మొప్పలు దెబ్బతిని ఉండొచ్చు. ఎయిర్ పంపు ఆపకండి, మేత బాగా తగ్గించండి, అమ్మోనియా టెస్ట్ చేసి కనిపిస్తే కొంత నీళ్లు మార్చండి.

ప్రశ్న: పటమట నుంచి బండి మీద గప్పీలు తెచ్చుకుంటాను, అరగంట దారి. ఎండాకాలం సగం చేపలు రెండో రోజుకే పోతున్నాయి. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీకు పాత పద్ధతే మంచిదండీ. కవర్ని పదిహేను నిమిషాలు ట్యాంకులో తేలేసి, విప్పి, ఐదేసి నిమిషాలకి ఒక చిన్న కప్పు ట్యాంకు నీళ్లు పోస్తూ అరగంట గడిపి, వలతో తీసి వదలండి. కైకలూరు వైపు చెరువుల్లో సీడ్ (చేప పిల్లలు) వదిలేవాళ్లు కూడా ప్యాకెట్లని కాసేపు చెరువు నీళ్లలో తేలేశాకే విప్పుతారు, అదీ ఎండ లేని వేళ చూసుకుని.

నాకు అనుమానం మీ బండి మీద. మే నెలలో బెజవాడ ఎండ 40 దాటి ఉంటే, హ్యాండిలుకి తగిలించిన కవర్లో నీళ్లు ఎంత వేడెక్కుతాయో చూడండి, పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. షాపువాళ్ల దగ్గర ఒక చిన్న థర్మోకోల్ డబ్బా అడిగి తీసుకోండి, సాయంత్రం పూట వెళ్లండి. ఇంటికొచ్చాక చల్లబరుద్దామని ఐసు ముక్కలు వెయ్యకండి, ఒక్కసారిగా చల్లబడితే అది ఇంకో దెబ్బ. కార్పొరేషన్ కుళాయి నీళ్లు పట్టి అదే రోజు ట్యాంకులో పోసే అలవాటు ఉంటే క్లోరిన్ సంగతి కూడా చూసుకోండి.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి ట్యాంకు, చేపలు ఒకేసారి కొంటున్నాం. తెచ్చిన రోజే చేపల్ని వేయొచ్చా? (తెనాలి నుంచి)

జవాబు: వద్దు. చేప వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త ఫిల్టరులో ఉండదు, అది స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది లేని ట్యాంకులో మీరు ఎంత జాగ్రత్తగా వదిలినా చేపలు నిలబడటం కష్టం. పుట్టినరోజు నాడు ట్యాంకు, మొక్కలు పెట్టండి, ఫిల్టర్ నడపండి, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే అది కుళ్లి బాక్టీరియాకి తిండి అవుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పెరిగి మళ్లీ సున్నా చూపించాక బాబుని షాపుకి తీసుకెళ్లి రెండు మూడు చేపలు ఎంచుకోమనండి, మిగతావి ఒక్కో వారం ఆగి.