కో తావోలో రిసార్టు కొనే ముందు

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

థాయిలాండ్‌లోని కో తావో ద్వీపంలో, సైరీ బీచి వెనక ఎనిమిది గదులు, ఒక పడవ, సముద్రంలో డైవింగ్‌కు వాడే గాలి సిలిండర్లు నింపే కంప్రెసర్ కలిపి బేరానికి వచ్చాయనీ, దళారి ‘వంద శాతం నీదే’ అన్నాడనీ రాశావు. ముందు ఆ వంద శాతం సంగతి చూద్దాం.

థాయిలాండ్‌లో 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం ప్రకారం, వాటాల్లో సగమైనా విదేశీయుల చేతిలో ఉంటే అది విదేశీ కంపెనీయే. హోటలు పెట్టాలన్నా, డైవింగ్ నేర్పాలన్నా దానికి ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే బయటివాళ్లు 49 శాతం దగ్గర ఆగుతారు. అమెరికా, థాయిలాండ్‌ల మధ్య 1966లో కుదిరిన ఒప్పందం పుణ్యమా అని అమెరికన్లకు కొంత వెసులుబాటు ఉంది. మనకు లేదు.

మరి ఆ 51 శాతం ఎవరిది? దళారి లెక్కలో లాయరు గుమాస్తాలది. వాళ్లు పైసా పెట్టరు, వాటాలు బదిలీ చేసే ఖాళీ పత్రాల మీద ముందే సంతకాలు చేసి ఇస్తారు. ఇది అచ్చంగా మన బినామీయే. పేరు అరువిచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష నుంచి పది లక్షల బాత్‌ల (అక్కడి కరెన్సీ) జరిమానా, ఒక్కోసారి రెండూ. అందరూ చేస్తున్నదే అంటాడు దళారి. చేస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ రేపు ఆ గుమాస్తా అడ్డం తిరిగితే ఏ స్టేషనుకు వెళ్లి ఏమని ఫిర్యాదు చేస్తావు?

సొంత డబ్బు పెట్టి, లాభంలో వాటా అడిగే స్థానికుడిని వెతుక్కో. వాటా తక్కువైనా నీకు ఓట్లు ఎక్కువ ఉండేలా కంపెనీ నియమావళిలో రాసుకోవచ్చు. అయినా వంద శాతం నీదే అనుకునే సుఖం ఉండదు, దానికి మనసు సిద్ధం చేసుకో.

నేల విషయంలో నేను దెబ్బతిన్నాను. విదేశీయుడు అక్కడ నేల కొనలేడు, ముప్పై ఏళ్లకు మించకుండా లీజుకు తీసుకోవచ్చు. నేను పన్నెండేళ్లకు కాగితం రాయించుకుని, చేయి కలిపి, కొబ్బరినీళ్లు తాగి వచ్చాను. మూడేళ్లు దాటే లీజు ల్యాండ్ ఆఫీసులో రిజిస్టరు కాకపోతే మూడేళ్ల వరకే చెల్లుతుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగో ఏట నేల చేతులు మారింది. కొత్త యజమాని నవ్వుతూనే వచ్చి నెలలో ఖాళీ చేయమన్నాడు. డైవింగ్ నేర్పడానికి నేను కట్టించిన కొలనులో ఇప్పుడు వాళ్ల పిల్లలు ఈదుతున్నారు. కాబట్టి మొదట చానోట్, అంటే పూర్తి హక్కు పత్రం, ఉందో లేదో చూడు. ఆ ద్వీపంలో అది లేని నేలలు చాలానే ఉన్నాయి. దళారి చూపే నకలు నమ్మకు, ల్యాండ్ ఆఫీసుకు నువ్వే వెళ్లు.

ఉద్యోగుల లెక్క కూడా వేసుకో. పని అనుమతి కావలసిన ప్రతి విదేశీయుడికీ మామూలుగా నలుగురు థాయి ఉద్యోగులు, 20 లక్షల బాత్‌ల మూలధనం చూపాలి. నువ్వూ, యూరప్ నుంచి రప్పిస్తానన్న ఇద్దరు శిక్షకులూ కలిస్తే పన్నెండు మంది, 60 లక్షలు. ఎనిమిది గదుల మీద పన్నెండు జీతాలు ఎలా వస్తాయో నాకైతే తోచడం లేదు.

నువ్వు పంపిన ఒప్పందం ఇంగ్లీషు ప్రతి. సంతకం పెట్టమనేది థాయి ప్రతి మీద. అది పంపు, నాకు తెలిసిన అనువాదకుడితో చదివిస్తాను. అంతవరకు బయానా ఇవ్వకు.

మామయ్య