నాన్న మాటలో సగం నిజముంది

ప్రశ్న: మహమ్మారి వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ తర్వాత చాలాకాలం క్లాసులన్నీ ఫోన్లోనే. ఆ మధ్యలోనే మా తాతయ్య ఆసుపత్రిలో పోయారు. మాకు చివరిచూపు కూడా దక్కలేదు. కబురు అర్ధరాత్రి ఫోన్లో వచ్చింది. ఇప్పటికీ రాత్రిపూట ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది. నడిరాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఏడో తరగతి దాకా క్లాసులో మొదటి ఐదుగురిలో ఉండేదాన్ని, ఆ తర్వాత మార్కులు బాగా తగ్గాయి. పన్నెండో తరగతి పూర్తయింది. సైకాలజీ చదివి నాలాంటివాళ్లకు సాయపడాలని ఉంది. నాన్న మాత్రం "ముందు నీ మనసే బాగోలేదు, ఇంకొకళ్లకి నువ్వేం చెబుతావు?" అంటున్నారు. ఆయన అన్నది నిజమేనా? దరఖాస్తులో మార్కులు తగ్గడం గురించి ఏమని రాయాలి?

జవాబు: నాన్నగారన్నది సగం నిజం. చేదుగా ఉన్నా ముందు ఆ సగమే చూద్దాం.

మీ ఉత్తరంలో మీ బాధా మీ చదువూ కలిసి ఒకే ముడి పడిపోయాయి. సైకాలజీ డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండేవి మెదడు పనితీరు, జ్ఞాపకం, మనిషి నేర్చుకునే తీరు, పరిశోధన పద్ధతులు, వాటితోపాటు బోలెడంత స్టాటిస్టిక్స్. దుఃఖం గురించి ఎక్కడో ఒక అధ్యాయం వస్తుంది. అందులో మీకు నూటికి తొంభై వచ్చినా రాత్రి ఫోన్ మోగినప్పుడు దడ ఆగదు. తమను తాము బాగుచేసుకోవడానికి ఈ కోర్సులో చేరేవాళ్లు నాకు ఏటా కనిపిస్తూనే ఉంటారు. రెండో సెమిస్టర్ కల్లా వాళ్లలో కొందరు "నేననుకున్నది ఇందులో లేదండీ" అంటూ తిరిగొస్తారు.

అలాగని మీకు జరిగింది చిన్నదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారి అని 2020 మార్చి 11న ప్రకటించింది. ఆ వసంతంలో బడులు మూతపడి ఇళ్లలో ఉండిపోయిన విద్యార్థులు దాదాపు 160 కోట్లని యునెస్కో లెక్క. మీకప్పుడు పదమూడో పద్నాలుగో. అమ్మానాన్నల కన్నా స్నేహితుల మాట ఎక్కువ చెవికెక్కే వయసు. సరిగ్గా అప్పుడే స్నేహితులంతా తెర మీద చిన్న చిన్న గళ్లయిపోయారు, అందులోనూ సగం గళ్లు నల్లవి. దానిమీద ఒక మరణం, అదీ వీడ్కోలు చెప్పే వీల్లేకుండా. మనిషి పోయాడని బుద్ధికి తెలుసు. చూడకపోవడంతో మనసు మాత్రం ఆ కబురు దగ్గరే ఆగిపోతుంది. మీ విషయంలో ఆ కబురు తెచ్చింది ఫోన్ మోతే కాబట్టి, ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం ఆ మోతనే గుర్తుపెట్టుకున్నట్టుంది. అంతమాత్రాన మీరు పిరికివాళ్లని కాదు.

ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పడం నా పని కాదు, ఎవరి పనీ కాకూడదు. ఒకటి మాత్రం చెబుతాను. నెలల తరబడి తగ్గకుండా రోజువారీ జీవితాన్ని పట్టేసుకునే దుఃఖాన్ని వైద్యులు ఇప్పుడు ప్రత్యేకంగా గుర్తిస్తున్నారు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో అది ఉంది. దానికీ, ఉలికిపాటుకూ, నిద్రలేమికీ మాటలతో చేసే చికిత్సలున్నాయి, వాటి ఫలితాలను పరీక్షించి చూశారు కూడా. నిద్రలేమికైతే చాలా వైద్య మార్గదర్శకాలు మాత్రల కన్నా ముందు చెప్పేది ఈ చికిత్సే. కాబట్టి కాలేజీ దరఖాస్తు నింపేలోపు ఒక క్లినికల్ సైకాలజిస్టునో, మానసిక వైద్యుణ్నో కలవండి. "నయమైతేనే చదువు" అనే షరతు దీనికి లేదు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా తొంగిచూస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆ పూటే ఇంట్లో చెప్పండి.

ఇక నాన్నగారి మాటలో నిజంకాని సగం. మనసు దెబ్బతిన్నవాళ్లు ఇతరులకు పనికిరారన్నది తప్పు. మార్షా లినెహన్ అనే అమెరికా సైకాలజిస్టు ఉన్నారు. తమను తాము గాయపరుచుకునేవాళ్ల కోసం ఆమె రూపొందించిన చికిత్స ఇవాళ ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. టీనేజీలో తానే మానసిక చికిత్సాలయంలో రోగిగా ఉన్నానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు. అయితే ఆ చికిత్స నిలబడింది ఆమె పడ్డ బాధ వల్ల కాదు. దాన్ని పరీక్షకు పెట్టి, లెక్కలు తీసి, పనిచేస్తుందని చూపించారు కాబట్టి నిలబడింది. ఆమె పేరు నాన్నగారికి చెప్పేటప్పుడు ఈ రెండో భాగాన్ని మింగేయకండి.

ఈ రంగానికి వచ్చేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. జాలి ఉంటే చాలనుకుంటారు. ఒకప్పుడు పెద్ద ప్రమాదమో విపత్తో జరిగితే, బయటపడ్డవాళ్లను రోజుల వ్యవధిలోనే కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు ఒక్క విడతలో చెప్పించేవారు. చెప్పుకుంటే బరువు దిగుతుందని నమ్మకం. వినడానికి బాగానే ఉంది కదా? తర్వాత జాగ్రత్తగా పోల్చి చూస్తే మేలేమీ కనిపించలేదు, ఒకట్రెండు అధ్యయనాల్లోనైతే కీడే ఎక్కువని తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటోంది. 2011లో ఆ సంస్థ తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో చెప్పింది చాలా సాదాసీదాగా ఉంటుంది: పరిస్థితి చూడండి, చెబితే వినండి, అవసరమైన సాయంతో కలపండి. చెప్పమని బలవంతపెట్టొద్దు. మొదటి పద్ధతి వాడినవాళ్లంతా మంచి మనసున్నవాళ్లే. శిక్షణ ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ కథే.

స్టాటిస్టిక్స్ అనగానే మొహం చిట్లించకండి. మహమ్మారి మనుషుల మనసును ఎంత దెబ్బతీసిందన్న ప్రశ్ననే తీసుకోండి. మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. అందులోనూ యువత, మహిళల మీదే ఎక్కువ ప్రభావం అంది. సరిగ్గా ఏడాది తర్వాత బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో 137 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. మహమ్మారికి ముందూ ఆ తర్వాతా మనుషుల పరిస్థితి ఎలా ఉందో పోల్చి చూస్తే, మొత్తం జనాభాలో మార్పు చాలా స్వల్పమేనని, మహిళల్లో మాత్రం కొంత దిగజారిందని ఆ సమీక్ష తేల్చింది. రెండిట్లో ఏది నిజం? ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎలా కొలిచారు అన్నవి మారితే జవాబూ మారుతుంది. సగటు కదలనంత మాత్రాన అందులో మీలాంటి అమ్మాయి నలిగిపోలేదని కాదు. ఈ చిక్కు చదువుతుంటే మీకు ఆసక్తి పుట్టిందా, విసుగొచ్చిందా? నిజాయితీగా గమనించుకోండి. ఏ ఆప్టిట్యూడ్ పరీక్ష కన్నా ఇది మీ గురించి ఎక్కువ చెబుతుంది.

విసుగొచ్చినా దారులు మూసుకుపోవు. మందులు రాసే మానసిక వైద్యులు కావాలంటే ముందు వైద్యవిద్య చదవాలి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే డిగ్రీ సరిపోదు. పీజీ, ఆపైన అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ, చాలాచోట్ల లైసెన్సు కూడా కావాలి. ఏళ్లు పడుతుంది, ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. సైకియాట్రిక్ నర్సింగ్, సోషల్ వర్క్, రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తోడ్పడే ఆక్యుపేషనల్ థెరపీ కూడా బాధలో ఉన్నవాళ్ల పక్కన నిలబడే పనులే, వాటి గురించి ఎందుకో పిల్లలు అడగనే అడగరు. లెక్కలు నచ్చితే, జనంలో ఏ జబ్బు ఎవరికి ఎంతగా వస్తోందో లెక్కగట్టే ఎపిడెమియాలజీ ఉంది. కొన్ని వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చి కౌన్సెలర్ని చేస్తామనే ఆన్‌లైన్ కోర్సులు మాత్రం సరదాగా నేర్చుకోవడానికే. వాటిని పట్టుకుని ఎవరికీ చికిత్స చేయబోకండి.

నాన్నగారితో వాదనకు దిగొద్దు. "నువ్వన్నది నిజమే నాన్నా, ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం, నాతో వస్తావా?" అని అడగండి. తండ్రిని పోగొట్టుకున్నది ఆయనో అమ్మో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆ అర్ధరాత్రి ఫోన్ ఆ ఇంట్లో మీ ఒక్కరికే మోగలేదు. మీ చదువు గురించి ఆయన అంత కటువుగా మాట్లాడటం వెనక అది కూడా ఉందేమో చూడండి.

చివరగా, దరఖాస్తు సంగతి. మూడు వాక్యాలు దాటొద్దు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, దానికి మీరేం చేస్తున్నారు. ఉదాహరణకు: "మహమ్మారి కాలంలో బడి మూసివేత, కుటుంబంలో ఒక మరణం వల్ల నా చదువు దెబ్బతింది. ప్రస్తుతం నిపుణుల సాయం తీసుకుంటున్నాను. పన్నెండో తరగతిలో ఫలానా సబ్జెక్టులో మళ్లీ మెరుగుపడ్డాను." రెండో వాక్యం వైద్యుణ్ని కలిశాకే రాయండి, చెప్పడం ఇష్టం లేకపోతే తీసేయండి, తప్పేం లేదు. మూడోది మార్కుల పట్టికలో కనిపిస్తేనే రాయండి. నిద్ర గురించి, దడ గురించి కాలేజీకి చెప్పాల్సిన పనిలేదు, అవి డాక్టరుతో మాట్లాడండి. దరఖాస్తులో తర్వాతి పేరా నేరుగా మీరు ఆ సబ్జెక్టు ఎందుకు కోరుకుంటున్నారో అన్నదానితో మొదలవ్వాలి. ఆ పేరా రాసి నాకు పంపితే చూసి దిద్దుతాను.