డీహెచ్‌సీ-2 బీవర్ విమానం ఎందుకు పుట్టింది, దేనికి వాడతారు?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనిక ఆర్డర్లు తగ్గిపోవడంతో, కెనడాలోని డీ హావిలాండ్ సంస్థ రోడ్లు లేని ఉత్తరాది అడవుల్లో, సరస్సుల మధ్య తిరిగే పైలట్లను ఎలాంటి విమానం కావాలో అడిగి, వారి జవాబులను బట్టే బీవర్‌ను రూపొందించింది. అది 1947 ఆగస్టు 16న టొరంటో దగ్గరి డౌన్స్‌వ్యూలో తొలిసారి ఎగిరింది. వేగం మాట ఎలా ఉన్నా, కొద్దిపాటి జాగాలో లేవాలి, దిగాలి అన్నదే పైలట్ల ప్రధాన కోరిక.

పూర్తిగా లోహంతో చేసిన ఈ విమానానికి 450 అశ్వశక్తి గల ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ అమర్చారు. ఇంధనపు పీపాను దొర్లించి లోపలికి ఎక్కించగలిగేంత వెడల్పుగా తలుపులు పెట్టారు. నాకు ముచ్చటగా అనిపించేది ఆయిల్ పోసే గొట్టం. అది కాక్‌పిట్‌లోనే ఉండటం వల్ల, గడ్డకట్టే చలిలో బయటికి వెళ్లి మూత విప్పే పని లేకుండా, అవసరమైతే గాలిలో ఉండగానే ఇంజిన్‌కు ఆయిల్ పోయవచ్చు.

కాలాన్ని బట్టి చక్రాలు, నీటిపై తేలే ఫ్లోట్లు, మంచుపై జారే స్కీలు మార్చుకుంటూ ఇది సరుకులను, టపాను, రోగులను చేరవేసింది. అమెరికా సైన్యమే 900కు పైగా కొన్నది. 1967లో తయారీ ఆగిపోయినా, అలాస్కా, బ్రిటిష్ కొలంబియా తీరాల్లో ఇవి నేటికీ ఎగురుతున్నాయి. 2019 డిసెంబరులో వాంకూవర్ సమీపంలో హార్బర్ ఎయిర్ సంస్థ ఒక పాత బీవర్‌కు విద్యుత్ మోటారు బిగించి మరీ ఎగిరించింది.