పలకల లెక్కకు ఏ సిస్టం?

ప్రశ్న: చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఏ బ్లాకు కోస్తే ఎన్ని పలకలు వచ్చాయి, ఎవరికి పంపాం అన్న లెక్కంతా విండోస్ 10 కంప్యూటర్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది. లైనక్స్‌కు మారాలనుకుంటున్నాం. మా అబ్బాయి కాలేజీలో నేర్చుకున్న సెంటాస్ 7 అనే లైనక్స్ వేద్దామంటున్నాడు. వేయవచ్చా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: వద్దండీ. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ఆగింది, నిజమే. కానీ సెంటాస్ 7 గడువు అంతకన్నా ముందే, 2024 జూన్ 30న తీరిపోయింది. కారుతున్న ఇల్లు వదిలి కప్పే లేని ఇంట్లో చేరినట్టవుతుంది.

నెల్లూరులో నేను చూసే సర్వర్లన్నీ డెబియన్ అనే మరో లైనక్స్ మీదే నడుస్తాయి. అయినా మీకు సెంటాస్ తరహాలోనే ఉండే ఆల్మాలైనక్స్ 9 చెబుతాను. అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే లేచేది మీ అబ్బాయే కదా! అతను నేర్చుకున్న ఆదేశాలు చాలావరకు అందులో పనికొస్తాయి. భద్రతా సవరణలు 2032 మే దాకా వస్తాయి. ఒక్క జాగ్రత్త: అందులో మామూలుగా దొరికే పోస్ట్‌గ్రెస్ 13 వేయకండి, దాని ఐదేళ్ల గడువు 2025 నవంబరులో ముగిసింది. పోస్ట్‌గ్రెస్ వారి సొంత రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే ఆన్‌లైన్ నిల్వ) నుంచి కొత్తది తెచ్చుకోమనండి.

విండోస్‌లోని డేటా ఫోల్డర్‌ను కాపీ చేసి లైనక్స్‌లో పెడితే పనిచేయదు. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ డంప్ అనే పనిముట్టుతో డేటాను ఫైలుగా తీసి, కొత్త చోట తిరిగి ఎక్కించాలి. ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి ఉంది. ఒక రొయ్యల మేత దుకాణంలో డేటాను కదిలించకుండా డెబియన్ 9ని 10కి మార్చాను. మర్నాడు ఖాతాదారు పేరు జాబితాలో కనిపిస్తుంది, వెతికితే దొరకదు! దుకాణదారు నన్నూ కంప్యూటర్‌నూ మార్చి మార్చి చూశాడు. తీరా చూస్తే, అక్షరాలను వరుసలో పెట్టే నియమాలు లైనక్స్‌లోని మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.28లో మారాయి, పాత ఇండెక్సులు (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచికలు) పాత వరుసలోనే ఉండిపోయాయి. రీఇండెక్స్ చేశాక, అంటే వాటిని మళ్లీ తయారుచేశాక పేర్లు దొరికాయి. డంప్ తీసి ఎక్కిస్తే ఇండెక్సులు కొత్తగా తయారవుతాయి కాబట్టి మీకు ఆ తిప్పలు ఉండవు.

వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసిన లెక్క నిజంగా డిస్కుకు చేరేలా చూసే అమరిక) ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కరెంటు పోయిన క్షణంలో లెక్కలు చెడిపోవచ్చు. యూపీఎస్ ఎలాగూ ఉండాలి. పాత కంప్యూటర్‌ను ఒక నెలపాటు చెరపకుండా పక్కన పెట్టండి. కొత్త దాన్ని మాత్రం కోత యంత్రాలున్న షెడ్డులో పెట్టకండి, రాతి పొడికి ఫ్యాను ఆరు నెలలు కూడా ఆగదు.